నీటి మీద కంచె

మంగళవారం, శుక్రవారం హిల్కా ఇంటికి వెళ్తాను.
మాత్రలు డబ్బీల్లో సర్దాలి, కాళ్లకు మేజోళ్లు తొడగాలి.
ఇరవై నిమిషాలు. కాగితం మీదున్న పని అంతే.
కాగితం మీద లేనిది
కిటికీ పక్కన వెలుగుతూ ఉంటుంది:
ఎనభై లీటర్ల గాజుతొట్టి,
పేర్లు పెట్టని రెండు గురామీ చేపలు,
నీటి పైన అంతరతామర,
దాని సందుల్లో
పిలవని పేరంటానికొచ్చిన ఆవగింజంత ఆకులు.

యోయెన్సూలో మధ్యాహ్నం మూడింటికే చీకటి.
నది గడ్డకట్టి, దాని మీద ఎవరివో స్కీ గీతలు.
ఈ గదిలో మాత్రం ఇరవై ఆరు డిగ్రీల నీరు.

"వదిలేస్తే మొత్తం కప్పేస్తాయి.
కింది మొక్కకి వెలుగుండదు.
ఈ చేప పైకొచ్చి గాలి మింగాలి, దానికి దారుండదు."
అందుకే గాలిపంపు గొట్టం మూరెడు కోసి
కొసలు రెండూ కలిపి వలయం చేసింది,
రబ్బరు చిప్పతో గాజుకి అతికించింది.
ఆకులు లోపల.
బయట అరచేయంత ఖాళీ నీరు,
దీపం అక్కణ్ణుంచే కిందికి దిగుతుంది.

పదిహేడో ఏట ఆమె చేసిందీ ఇదే.
మంచు కరిగాక అడవి మొత్తం నదిలో పడి వచ్చేది.
గొలుసులతో కలిపిన దూలాలు
ఒడ్డు నుంచి ఒడ్డుకి కంచెలా తేలేవి.
ఆ దూలాల మీద నిలబడి, కొక్కెం కర్రతో,
దుంగ కొసన కొట్టిన సుత్తి గుర్తు చూసి
ఇది ఆ మిల్లుకి, ఇది ఈ మిల్లుకి అని తోసేది.
"ఈత వచ్చా?" అన్నాను.
"అడగలేదు ఎవరూ."

జనవరిలో ఓ శుక్రవారం
తొట్టిలో నీళ్లు తగ్గాయని జగ్గుతో నింపాను.
మంచి పని చేశాననే అనుకున్నాను.

మంగళవారం తలుపు తీసేసరికి
నైటుగౌను మీద ఉన్నికోటు వేసుకుని
తొట్టి ముందు కూర్చుని ఉంది, ఒళ్లో టీ జల్లెడ.
నీటి మీద ఎక్కడా నీరు లేదు.
వలయం రెండు వేళ్ల లోతున మునిగి ఉంది,
దాని మీదుగా అందరూ నడిచి వెళ్లిపోయారు.

"శుక్రవారం రాత్రే తెలిసింది" అంది.
కుడి కన్ను పోయింది, ఎడమది పొగ.
"ఫిల్టరు ధార గలగలమనడం మానేసింది,
దుప్పటి మీద పోసినట్టు పడుతోంది.
కాపలా గుడిసెలో అలాగే పడుకునేవాళ్లం,
చెవి నది వైపు పెట్టి.
గొలుసు తెగితే ముందు వచ్చేది చప్పుడు కాదు."

తిట్టలేదు. జల్లెడ నా చేతికిచ్చింది.
"నీళ్లు లేస్తే చిప్పని కూడా పైకి జరపాలి.
అది నీకు నేను చెప్పలేదు."

ఒక ఆకు పట్టి లాగితే
తీగ వెంట తల్లి, తల్లి వెంట నలుగురు పిల్లలు,
గడ్డాల్లాంటి వేళ్లు తడితడిగా చేతికి చుట్టుకున్నాయి.
సగం వలయంలోకి, సగం పాత జామ్ సీసాలోకి.
సీసా కుండీలో మట్టికి.
"నదికి మాత్రం వద్దు," వేలు చూపించింది,
"దానికి కొత్తవాళ్లని పరిచయం చెయ్యకు."
ఖాళీ ఏర్పడగానే ఓ చేప పైకొచ్చింది,
గుటుక్కున ఒక్క బుడగ మింగి దిగిపోయింది.
హిల్కా అటు తిరిగింది, చూసినట్టే.

ఇరవై నిమిషాలు కాస్తా గంటా పది.
ఆఫీసుకి ఏం రాయాలో తోచక
"ఇతర పనులు" అని రాశాను.

బస్సులో చేతితొడుగు తీస్తే
గడియారం పట్టీకి అతుక్కుని ఒక ఆకు.
బయట మైనస్ పంతొమ్మిది.
ఫ్లాస్కు మూతలో కాసిని గోరువెచ్చటి నీళ్లు పోసి
దాన్ని అందులో వేశాను.
ఒక మలుపులో నీళ్లు ఒలికాయి.
ఆకు మాత్రం అంచుదాకా వెళ్లి, ఆగి,
మళ్లీ మధ్యకి వచ్చింది.